బడి భద్రతకు జిల్లా సహాయ కేంద్రం: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

బడి భద్రత మీద మనకు రూల్స్‌కు కొదవ లేదు. 2004 జులై 16న కుంభకోణంలో 94 మంది పిల్లలు బడి మంటల్లో చనిపోయారు. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో అగ్నిమాపక ఏర్పాట్లు ఉండాలని ఆదేశించింది. 2012లో పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం వచ్చింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బడి భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో కేంద్ర విద్యాశాఖ యాజమాన్యాల జవాబుదారీ మీద మరో మార్గదర్శకం పంపింది. ఇవన్నీ ఫైళ్లలో భద్రంగా ఉన్నాయి. పాతబస్తీలో అద్దె భవనంలో నడిచే ఒక ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎం, రాత్రి వానకు ప్రహరీ గోడ ఒరిగిందని పొద్దున ఎనిమిదిన్నరకు గమనిస్తే మాత్రం ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. భవనం ఓనర్‌కా, జీహెచ్‌ఎంసీకా, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకా? అందరికీ ఒక మాట చెప్పి, పిల్లల్ని ఆ గోడ వైపు పోవద్దని కసిరి, క్లాసుకు వెళ్లిపోతారు.

సహాయ కేంద్రం ఉండేది ఆ ఒక్క ఫోన్ ఎత్తడానికి. ఎత్తాక పని అయ్యేదాకా వదలకుండా ఉండడానికి. హైదరాబాద్ జిల్లా విద్యాశాఖలో గానీ, డిప్యూటీ ఐఓఎస్ (బడుల ఉప తనిఖీ అధికారి) స్థాయిలో గానీ, బాలల సంరక్షణ విభాగంతో కలిసి గానీ ఇలాంటి కేంద్రం పెట్టబోతున్నవాళ్ల కోసం, ఉన్నదాన్ని గాడిలో పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ వివరాలు.

మొదటి పని: మీరు ఏం చేయరో రాసి పెట్టండి

కేంద్రం పేరు బోర్డు మీద రాయకముందే ఒక పేజీ రాయండి. పైసగంలో ఏం చేస్తారో, కిందసగంలో ఏం చేయరో. కిందసగంలో మొట్టమొదటి వాక్యం ఇది: "ఈ కేంద్రం తనిఖీ చేయదు, నోటీసు ఇవ్వదు, గుర్తింపు రద్దుకు సిఫార్సు చేయదు."

తనిఖీ అధికారం, సాయం చేసే బాధ్యత ఒకే చేతిలో ఉంటే బడులు నిజం చెప్పవు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఖాళీ అయిందని చెబితే మెమో వస్తుందనే భయం ఉన్న హెచ్‌ఎం, దాని ముందు నిలబడి ఫొటో దిగి "ఉంది" అని పంపుతారు. తనిఖీ ఉండాల్సిందే. అది డీఈఓ, ఫైర్ శాఖ, రవాణా శాఖ (ఆర్టీఏ) చూసుకుంటారు. మీరు వేరే గుమ్మం.

దీనికి రెండు మినహాయింపులు ఉంటాయి. వాటిని కూడా ఆ పేజీలోనే, బడులకు ముందే తెలిసేలా రాయాలి. ఒకటి, పిల్లల మీద లైంగిక నేరం సంగతి తెలిస్తే కేంద్రం గుట్టుగా ఉంచదు, చట్టప్రకారం పోలీసులకు చెబుతుంది. రెండు, ప్రాణాపాయం ఉన్న లోపాన్ని ఒప్పుకున్న తేదీ దాటినా సరిచేయకపోతే ఆ విషయం డీఈఓకు వెళ్తుంది. ముందే చెప్పి చేస్తే అది మోసం అనిపించదు.

మనుషులు, ఫోను, గది

గది చిన్నదైనా ఫరవాలేదు. మనిషి మాత్రం పూర్తికాలం ఉండాలి. కో-ఆర్డినేటర్ పోస్టును ఎవరికో అదనపు బాధ్యతగా అప్పగిస్తే పదో తరగతి పరీక్షల సీజన్ రాగానే కేంద్రం మూతపడ్డట్టే. కనీసం నలుగురు కావాలి: ఒక కో-ఆర్డినేటర్, విద్యా సంక్షేమ మౌలిక వసతుల సంస్థ నుంచి డిప్యుటేషన్ మీద ఒక ఇంజినీరు, పిల్లలతో మాట్లాడడంలో శిక్షణ ఉన్న ఒక కౌన్సెలర్, ఫోను ఎత్తి వివరాలు నమోదు చేసే ఒక ఆపరేటర్. ఉర్దూ ధారాళంగా మాట్లాడేవాళ్లు వీళ్లలో ఒకరైనా ఉండాలి. చార్మినార్, బహదూర్‌పురా మండలాల నుంచి వచ్చే ఫోన్లలో అది లేకపోతే సగం విషయం జారిపోతుంది.

ఫోన్ నంబరు ఆఫీసు పేరు మీద తీసుకోండి. అధికారి సొంత నంబరు ఇస్తే బదిలీతో పాటు నంబరూ పోతుంది. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా ఎత్తుతామని చెప్పండి, చెప్పినట్టు ఎత్తండి. ఇరవై నాలుగు గంటలు అని పోస్టర్ వేసి రాత్రి ఎత్తకపోతే ఆ నంబరు మీద నమ్మకం ఒక్క రోజులో పోతుంది. మిగతా వేళలకు 112, మంటలకు 101, అంబులెన్సుకు 108, పిల్లల సాయానికి 1098 ఉన్నాయని అదే పోస్టర్ మీద రాయండి. ఇంకో ముఖ్యమైన మాట: మంట, దెబ్బ, దాడి లాంటివాటిలో బడి ముందు ఈ నంబర్లకే చేయాలి, తర్వాతే మీకు. అత్యవసర ఫోనుకు, బడికి మధ్య మీరు అడ్డు నిలబడకూడదు.

బయటి శాఖల్లో ఒక్కొక్క మనిషి పేరు, ఫోను మీ దగ్గర ఉండాలి: ఫైర్ స్టేషన్ అధికారి, ట్రాఫిక్ పోలీస్ స్టేషన్, ఆర్టీఏ, హైడ్రా కింద ఉన్న విపత్తు సహాయ దళం (డీఆర్‌ఎఫ్), జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఇంజినీరు, వాటర్ బోర్డు, కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), బాధిత మహిళలకు, పిల్లలకు సాయం చేసే భరోసా కేంద్రం, బాలల సంక్షేమ కమిటీ, దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రం. ఈ జాబితాను మూడు నెలలకొకసారి ఒక్కొక్కరికీ ఫోను చేసి సరిచూసుకోండి. బదిలీల తర్వాత సగం నంబర్లు చెల్లవు.

బడికో కార్డు

జిల్లాలోని ప్రతి బడికీ యూడైస్ కోడ్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్నే తలకట్టుగా పెట్టి బడికి ఒక పేజీ కార్డు తయారు చేయండి. అందులో ఉండాల్సినవి: సొంత భవనమా అద్దెదా, ఎన్ని అంతస్తులు, ఏ అంతస్తులో ఏ తరగతులు, నడవలేని లేదా చూపు, వినికిడి సమస్య ఉన్న పిల్లలు ఏ గదిలో, మెయిన్ స్విచ్ ఎక్కడ, గ్యాస్ సిలిండర్ ఎక్కడ, ఎన్ని గేట్లు, వెనక గేటు తాళం చెవి ఎవరి దగ్గర, హెచ్‌ఎం కాక ఫోను ఎత్తే రెండో మనిషి ఎవరు. చిరునామా బస్తీలో జనం చెప్పుకునే గుర్తుతో సహా రాయండి. డోర్ నంబరుతో ఫైరింజన్ బడిని కనిపెట్టలేదు, "ఫలానా బావి పక్క సందు" అంటే కనిపెడుతుంది. ఫైరింజన్ ఆ సందులోకి రాగలదా, రాలేకపోతే ఎక్కడ ఆగాలి అన్నది కూడా కార్డు మీద ఉండాలి. దీన్ని ఫైర్ స్టేషన్ వాళ్లను వెంటబెట్టుకుని చూడండి, ఊహించి రాయకండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. నూట యాభై కాలమ్స్ ఉన్న ఎక్సెల్ షీటు వాట్సాప్‌లో పెట్టి "ఈరోజు సాయంత్రం 4 గంటలలోపు పంపగలరు" అనడం. ఆ షీటు నిండుతుంది, అన్ని గడుల్లోనూ "అవును" ఉంటుంది. దాంతో ఏ నిర్ణయమూ తీసుకోలేరు. బదులుగా పన్నెండు ప్రశ్నలు మించకుండా అడగండి. అవును, కాదు అనే ప్రశ్నలు తగ్గించి, లెక్క గానీ ఫొటో గానీ అడగండి. "ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉందా" అనే బదులు "ప్రెజర్ చూపే ముల్లు, ట్యాగ్ మీది తేదీ కనిపించేలా ఫొటో పంపండి" అనండి. "మెట్లు సురక్షితమా" అనే బదులు "మెట్ల వెడల్పు టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాయండి, ఆ మెట్లు వాడే పిల్లలెందరో రాయండి" అనండి.

వచ్చిన జవాబులతో ముందుగా వెళ్లాల్సిన బడులను ఎంచుకోండి. పై అంతస్తుల్లో చిన్న తరగతులు, ఒకటే మెట్లదారి, నాలా పక్కన లేదా పల్లంలో ఉన్న స్థలం, ఒరిగిన గోడ, మెయిన్ రోడ్డు మీదకే తెరుచుకునే గేటు: వీటిలో ఏ రెండు ఉన్నా ఆ బడి జాబితాలో పైకి రావాలి.

బడికి వెళ్లినప్పుడు

చెప్పి వెళ్లండి. వెళ్లేది బడి మొదలయ్యే అరగంట ముందు. గేటు దగ్గర ఆటోలు, బైకులు, పిల్లలు కలిసిపోయే ఆ ఇరవై నిమిషాలు చూడకపోతే సగం బడి చూడనట్టే. మీతో హెచ్‌ఎం, తల్లులతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ నుంచి ఒకరు, ఎనిమిది తొమ్మిది తరగతుల నుంచి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి నడవాలి. పిల్లలకు తెలిసినవి టీచర్లకు తెలియవు: ఏ బాత్రూం గడియ పడదు, గోడకు ఎక్కడ సందుంది, ఏ మూల దగ్గర బయటివాళ్లు నిలబడతారు. అమ్మాయిలను ఒక టీచరమ్మ వెంట విడిగా అడగండి. అబ్బాయిల ముందు బాత్రూంల సంగతి చెప్పరు.

గేటుతో మొదలుపెట్టండి, ఎందుకంటే అందరూ గేటులోంచే నడిచి వెళ్తారు తప్ప గేటును చూడరు. పట్టా మీద పక్కకు జరిపే ఇనుప గేటు బరువు వందల కిలోలు ఉంటుంది. దాన్ని నిలబెట్టేవి రెండే: చివర్లో పట్టా మీద ఉండే స్టాపర్, పైన గోడకు బిగించిన గైడ్ రోలర్లు. స్టాపర్ వెల్డింగ్ ఊడిపోయి ఉంటే గేటును జోరుగా నెట్టినప్పుడు అది పట్టా దాటి, రోలర్ల పట్టు తప్పి, ఒక పక్కకు పడిపోతుంది. పిల్లలకు ఆ గేటు మీద ఎక్కి ఊగడం ఆట. పిల్లలు దగ్గర లేనప్పుడు, ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకుని, గేటును నెమ్మదిగా చివరిదాకా జరిపి చూడండి. స్టాపర్‌కు తగిలి ఆగాలి. పైన రోలర్ ఊగకూడదు, బోల్టులు తుప్పు పట్టకూడదు. లోపం కనిపిస్తే ఆ రోజే గేటును మూసిన స్థితిలో గొలుసుతో కట్టేసి, చిన్న తలుపు వాడమనండి. వెల్డర్ వచ్చి స్టాపర్ పెట్టడం అరపూట పని.

తర్వాత ప్రహరీ. గోడకు ఆనించి ఇసుక, ఇటుకలు, మట్టి పోసి ఉంటే తీయించండి. వానకు తడిసిన మట్టి గోడను తోస్తుంది, గోడ అవతలివైపుకు పడుతుంది. తాడుకు రాయి కట్టి గోడపై నుంచి వేలాడదీస్తే ఒరుగు కంటికే తెలుస్తుంది. ఒరుగు కనిపించినా, అడ్డంగా పగులు సాగినా, గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో తాడు కట్టి పిల్లల్ని ఆపండి. ఇంజినీరు వచ్చేదాకా తాడు విప్పకూడదు. గోడ అవతల జనం నడిచే దారి ఉంటే అటువైపూ అదే దూరంలో కట్టాలి.

కరెంటు విషయంలో ముందు చూడాల్సింది నీళ్లున్న చోట్లు: బోరు మోటారు స్టార్టర్, వాటర్ కూలర్, ఆర్వో ప్లాంటు. స్టార్టర్ పిల్లల చేతికి అందకుండా తాళం ఉన్న పెట్టెలో ఉండాలి. కూలర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే షాక్ తగిలిన క్షణంలో కరెంటు ఆగిపోతుంది. ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడమని అటెండర్‌కు చూపించండి. నొక్కగానే పడిపోవాలి.

సంపు మూత, సెప్టిక్ ట్యాంక్ మూత కాలితో నొక్కి చూడకండి, చేత్తో ఎత్తి చూడండి. సగం విరిగిన కడప రాయి కప్పి ఉన్న సంపులు అద్దె భవనాల్లో మామూలు. తాళం వేసే ఇనుప మూత కావాలి.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌కు నాలుగు చూడండి: ముల్లు పచ్చ భాగంలో ఉందా, పిన్నుకు సీలు ఉందా, గొట్టం పగిలిందా, రీఫిల్ తేదీ దాటిందా. అయిదోది ఎక్కడ ఉంది అన్నది. హెచ్‌ఎం గదిలో బీరువా వెనక ఉంటే లేనట్టే. వంటగదికి, ల్యాబ్‌కు బయట, తలుపు పక్కన, పెద్దవాళ్ల నడుం ఎత్తులో ఉండాలి. మంట పక్కనే పెడితే మంటలోకి చెయ్యిపెట్టి తీయాల్సి వస్తుంది.

మెట్ల దగ్గర ఉండే కొలాప్సిబుల్ గేటు మీద మాత్రం కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. బయటివాళ్లు పైకి రాకుండా తాళం వేస్తారు. అదే తాళం మంట వచ్చినప్పుడు పిల్లల్ని పైనే బంధిస్తుంది. రెండు భయాలూ నిజమైనవే కాబట్టి "తాళం తీసేయండి" అని చెప్పి వచ్చేస్తే, మీరు వెళ్లగానే మళ్లీ వేస్తారు. దారి ఇది: పిల్లలు లోపలున్నంతసేపు తాళం ఉండదు, లోపలి నుంచి తీసే గడియ మాత్రమే ఉంటుంది. బయటివాళ్లను ఆపే పని మెయిన్ గేటు దగ్గరే జరగాలి, అక్కడ ఒక మనిషి, సందర్శకుల రిజిస్టరు ఉండాలి. అటెండర్ లేని బడిలో ఆ మనిషి ఎవరన్నది హెచ్‌ఎంతో కూర్చుని తేల్చకుండా బడి వదలకండి.

మధ్యాహ్న భోజనం చిన్న విషయం కాదు. 2013 జులైలో బిహార్‌లోని ఛాప్రా దగ్గర 23 మంది పిల్లలు చనిపోయింది వంటలో కలిసిన పురుగుమందు వల్ల. బియ్యం, నూనె ఉన్న గదిలో ఫినాయిల్, బొద్దింకల మందు ఉండకూడదు. ఖాళీ పురుగుమందు డబ్బాలో నూనె పోయకూడదు. వడ్డించే ముందు ఒక టీచరుతో సహా పెద్దవాళ్లు రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. కేంద్రీకృత వంటశాల నుంచి వ్యాను వచ్చే బడుల్లో వ్యాను వచ్చిన టైం, వడ్డించిన టైం రెండూ రాయాలి. మధ్యలో గంటలు గడిస్తే, ముఖ్యంగా మార్చి ఎండల్లో, సాంబారు చెడుతుంది.

చూసింది పనిగా మారేది ఇక్కడే

చూసిన లోపాలన్నీ రాస్తే నలభై వస్తాయి. నలభై రాసిన కాగితం బీరువాలోకి పోతుంది. పది దాటకండి. వాటిని మూడు రకాలుగా విడగొట్టండి: ఈరోజే అయ్యేవి, నెలలోపు బడి స్థాయిలో అయ్యేవి, డబ్బు లేదా వేరే శాఖ కావాల్సినవి. ప్రతి లోపం ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ. "సంబంధిత శాఖ" అని రాస్తే ఆ పని ఎవరిదీ కాదు. బడి ముందు పొంగే డ్రైనేజీకి వాటర్ బోర్డు సెక్షన్ మేనేజర్, గోడ మీదుగా పోయే కరెంటు తీగకు ఆ ఏరియా ఏఈ, గేటు ముందు చెత్తకుప్పకు జీహెచ్‌ఎంసీ సర్కిల్. పేరు తెలుసుకుని రాయండి.

అదే రోజు హెచ్‌ఎం ఫోనుకు ఆ జాబితా పంపండి. పదిహేనో రోజు మీరే ఫోను చేయండి. కేంద్రాలు విఫలమయ్యేది ఎక్కువగా ఈ ఫోను చేయకపోవడం వల్లే. చూసి, రాసి, ఫొటో దిగి వెళ్లినవాళ్లు ఇదివరకే చాలామంది ఉన్నారు.

డబ్బు ఎక్కడిదన్నది కూడా మీరే చెప్పాలి. చిన్న మరమ్మతులకు సమగ్ర శిక్ష కింద వచ్చే స్కూల్ గ్రాంటు, అంతకంటే పెద్దవాటికి అమ్మ ఆదర్శ కమిటీ పనులు, గోడలు, గదులకు వసతుల సంస్థ అంచనా. అంచనా తయారు చేసేది మీ ఇంజినీరు. హెచ్‌ఎంను అంచనా తెమ్మంటే ఆ పని అక్కడే ఆగిపోతుంది.

డ్రిల్లు: గంట కొట్టి బయటికి రావడం కాదు

ముందు చెప్పి చేయండి. పిల్లల్ని భయపెట్టే నాటకాలు, పొగలు, దొంగ ఏడుపులు వద్దు. మొదటిసారి నడిచి రావడం నేర్పించడానికే.

సంకేతం కరెంటు బెల్లుతో పెట్టకండి. మంట వస్తే మొదట తీసేది కరెంటే. ఇనుప గంట మీద ఆగకుండా కొట్టే దెబ్బలు, లేదా విజిల్. రోజూ ఇంటర్వెల్‌కు కొట్టే గంటలా ఉండకూడదు. కింది అంతస్తు ముందు, తర్వాత పైది. ఒకే మెట్లదారి ఉంటే గోడవైపు ఒక వరుస, రెయిలింగ్ వైపు ఒక వరుస, మధ్య మలుపు దగ్గర ఒక టీచరు. పిల్లలు ఒకరిమీద ఒకరు పడేది ఆ మలుపులోనే. ప్రతి క్లాసు టీచరు అటెండెన్సు రిజిస్టరు చేత్తో పట్టుకుని రావాలి, బ్యాగులు వదిలేయాలి. ఒక టీచరు బాత్రూంలు, స్టాఫ్ రూం, టెర్రస్ చూసి చివరన రావాలి. నడవలేని పిల్లవాడికి ఇద్దరు పేరుపేరునా ముందే ఉండాలి, వాళ్లలో ఒకరు సెలవు పెడితే మూడో పేరు కూడా.

నగరంలో చాలా బడులకు గ్రౌండ్ లేదు. బయటికొచ్చాక ఎక్కడ నిలబడాలి? రోడ్డు మీద నిలబడితే మంట తప్పించుకుని లారీ కింద పడ్డట్టవుతుంది. పక్కన ఉన్న ఫంక్షన్ హాలు, మసీదు, గుడి, చర్చి ఆవరణ, పార్కు, వీటిలో ఒకదానితో ముందే మాట్లాడి ఒక ఉత్తరం తీసుకోండి. ఈ ఉత్తరం ఇప్పించే పని కేంద్రానిది. హెచ్‌ఎం అడిగితే ఆలోచిస్తారు, జిల్లా ఆఫీసు అడిగితే ఒప్పుకుంటారు.

అందరూ చేరాక పేర్లు పిలిచి లెక్క చూడాలి. తలలు లెక్కపెట్టడం చాలదు, ఎవరు లేరో తెలియదు. గంట కొట్టిన క్షణం నుంచి లెక్క సరిపోయిన క్షణం దాకా పట్టిన టైం రాసుకోండి. తర్వాత పది నిమిషాలు కూర్చుని మూడు సమస్యలు రాయండి, వచ్చే డ్రిల్లులో వాటినే చూడండి.

భూకంపానికి ఇదే డ్రిల్లు పనికిరాదు. హైదరాబాద్ తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 2లో ఉన్నా, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చిన కంపం ఇక్కడిదాకా తెలిసింది. ఊగుతున్నప్పుడు పరిగెత్తకూడదు. బెంచీ కిందికి దూరి, తల చేతులతో కప్పుకుని, ఆగాక బయటికి రావాలి.

పిల్లల మీద అఘాయిత్యం సంగతి ఫోనులో వస్తే

కేంద్రంలో ఫోనెత్తే ప్రతి ఒక్కరి ముందూ ఈ వరుస కాగితం మీద అంటించి ఉండాలి. ఆలోచించుకుని చేసే సమయం కాదిది.

టీచరుకు పిల్ల చెప్పిన మాటలు పిల్ల చెప్పినట్టే రాయమనండి, తేదీ, టైంతో. మళ్లీ మళ్లీ చెప్పించవద్దు. "నిజమేనా", "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనే మాటలు నోట రాకూడదు. ఒక్క టీచరే మాట్లాడాలి, నలుగురు చుట్టూ చేరకూడదు. నిందితుణ్ని పిలిచి నిలదీయవద్దు, అతను సాక్ష్యం చెరిపేస్తాడు, పిల్లను బెదిరిస్తాడు. పిల్ల వేసుకున్న బట్టలు ఉతకవద్దు, స్నానం చేయించవద్దు, వైద్య పరీక్ష అయ్యేదాకా.

వెంటనే పోలీసులకు చెప్పాలి. బడి కమిటీ వేసి విచారించి, నిజమని తేలాక చెబుదామనడం చట్టానికి విరుద్ధం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందన్న అనుమానం ఉన్నా చెప్పాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. హెచ్‌ఎంలకు మొదటి భాగం చెప్పి భయపెట్టేవాళ్లు, రెండో భాగం చెప్పరు. రెండూ చెప్పండి.

పిల్ల వాంగ్మూలం పోలీస్ స్టేషన్‌లోనే ఇవ్వాల్సిన పని లేదు. ఇంట్లో గానీ, పిల్లకు ఇష్టమైన చోట గానీ, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ తీసుకోవాలి. నగరంలో 2016 నుంచి ఉన్న భరోసా కేంద్రంలో వైద్యం, న్యాయ సాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెబితే సగం భయం తగ్గుతుంది. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. అది జరిగిందా లేదా అన్నది మరుసటి రోజు కనుక్కోవడం మీ పని.

పిల్ల పేరు, తరగతి, బడి పేరు ఏ వాట్సాప్ గ్రూపులోనూ రాకూడదు. మీ రిజిస్టరులో కూడా ఒక నంబరు మాత్రమే. పిల్ల మళ్లీ బడికి వచ్చే మొదటి రోజు గురించి కౌన్సెలర్ ముందే క్లాసు టీచరుతో మాట్లాడాలి. కేసు నడుస్తుండగా పిల్ల చదువు మానేయకుండా ఉండడానికి ఇది చాలా అవసరం, ఇది ఎవరి జాబితాలోనూ ఉండదు.

బస్సులు, ఆటోలు

1997లో సుప్రీంకోర్టు చెప్పినవి ఇప్పటికీ ఆధారం: పసుపు రంగు, బడి పేరు, ఫోను నంబరు, స్పీడ్ గవర్నర్, కిటికీలకు అడ్డ కడ్డీలు, ప్రథమ చికిత్స పెట్టె, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, అయిదేళ్ల అనుభవం ఉన్న డ్రైవరు, పిల్లల్ని ఎక్కించి దించే అటెండెంటు. తెలంగాణలో విద్యాసంస్థల బస్సుల ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది. జూన్ 12న బడులు తెరిచేలోపు పరీక్ష అయిపోవాలి. చివరి వారం ఆర్టీఏ దగ్గర బస్సులు బారులు తీరతాయి కాబట్టి మే మొదటి వారంలోనే బడులకు గుర్తుచేయండి.

ఫిట్‌నెస్ బస్సుకే, దారికి కాదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతూ బడి బస్సు రైలుకింద నలిగింది. కాబట్టి ప్రతి రూటునూ ఒకసారి బస్సులో కూర్చుని చూడాలి: పిల్లలు రోడ్డు దాటే చోట్లు, యూటర్నులు, వాన నీరు నిలిచే అండర్‌పాసులు. బస్సు ఖాళీ అయ్యాక డ్రైవరు వెనక సీటుదాకా నడిచి, ఎవరూ నిద్రపోయి లేరని చూసి, అక్కడ వేలాడదీసిన కార్డు తిప్పి పెట్టాలి. ఎండాకాలం మూసిన బస్సులో ఒక పిల్లవాడు మిగిలితే అరగంట కూడా చాలా ఎక్కువ.

ఆటోలు తల్లిదండ్రులు కుదుర్చుకున్నవి, మాకు సంబంధం లేదని బడులు అంటాయి. కనీసం ఏ ఆటోలో ఏ పిల్లలు వస్తున్నారో, డ్రైవరు ఫోను ఏమిటో రాసుకోమనండి. ట్రాఫిక్ పోలీసులతో కలిసి ఆటో డ్రైవర్లను ఒక శనివారం కూర్చోబెట్టి మాట్లాడితే, చలాన్లతో కానిది కొంత అవుతుంది.

పిల్లల నోటి నుంచి

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. అక్కడి తుపాకుల సమస్య మనది కాదు. కానీ ఒక పాఠం మనకూ వర్తిస్తుంది: ఏదో జరగబోతోందని తోటి పిల్లలకు చాలాసార్లు ముందే తెలుస్తుంది, చెప్పుకునే చోటు ఉండదు. 1999 కొలంబైన్ కాల్పుల తర్వాత కొలరాడో రాష్ట్రం పేరు చెప్పకుండా సమాచారం ఇచ్చే లైన్ పెట్టింది అందుకే.

మన బడుల్లో ఫిర్యాదు పెట్టెలు ఉన్నాయి, తాళాలకు బూజు పట్టి. పెట్టె పనిచేయాలంటే అది హెచ్‌ఎం గది ముందు ఉండకూడదు, నీళ్ల దగ్గరో మెట్ల కిందో, ఎవరూ గమనించని చోట ఉండాలి. తాళం చెవి ఇద్దరి దగ్గర, ఒకరు బడి బయటివాళ్లు, కమిటీ తల్లి అయితే మేలు. ప్రతి శుక్రవారం తెరవాలి. అందిన వాటికి జవాబుగా ఏం చేశారో, పేర్లు లేకుండా, ప్రార్థన సమయంలో చెప్పాలి. ఒక బాత్రూం గడియ బాగుచేశామని చెబితే చాలు, వచ్చే వారం పెద్ద విషయం రాస్తారు.

చనిపోవాలనిపిస్తోందని రాసిన చీటీ వస్తే శుక్రవారం దాకా, సోమవారం దాకా ఆగకూడదు. ఆ రోజే కౌన్సెలర్, ఆ రోజే ఇంటివాళ్లు, మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ ఫోన్ లైన్ 14416. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో మీ ఆపరేటర్‌కు సెలవు ఇవ్వకండి.

బాంబు బెదిరింపు మెయిల్ వస్తే మెయిల్ చెరపవద్దు, ఫార్వర్డ్ చేయవద్దు, 112కు చెప్పి, అనుమానం ఉన్న వస్తువును ముట్టుకోకుండా డ్రిల్లు దారిలో బయటికి రండి.

వాన కురుస్తున్నప్పుడు

సాయంత్రం మూడున్నరకు కుంభవృష్టి మొదలైతే పిల్లల్ని బయటికి తోలేయకూడదు. తెరిచిన మ్యాన్‌హోల్ నీళ్లకింద కనిపించదు. వాన తగ్గేదాకా బడిలోనే ఉంచి, తల్లిదండ్రులకు ఒకే మెసేజ్, ఒకే నంబరు నుంచి పంపాలి. పిల్లను తీసుకెళ్లేవాళ్ల పేరు, సంతకం రిజిస్టరులో ఉండాలి, ముందే ఇచ్చిన జాబితాలో లేని మనిషి వస్తే తల్లికి ఫోను చేశాకే పంపాలి. గందరగోళం రోజునే ఎవరో ఒకరు "నేను బాబాయిని" అంటూ వస్తారు. జూన్ మొదట్లోనే కేంద్రం ప్రతి బడికీ ఈ మెసేజ్ నమూనాలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులో పంపి ఉంచాలి.

ఏం లెక్కపెట్టాలి

ఎన్ని శిక్షణలు ఇచ్చాం, ఎంతమంది హాజరయ్యారు అన్న లెక్కలతో నివేదిక అందంగా ఉంటుంది, బడి మారదు. ఇవి లెక్కపెట్టండి: తేదీ దాటినా పూర్తికాని లోపాలు ఎన్ని, వాటిలో ఏ శాఖ దగ్గర ఎన్ని ఆగాయి, బడులు తమంతట తాము ఎన్నిసార్లు ఫోను చేశాయి, డ్రిల్లులో లెక్క సరిపోవడానికి పట్టిన టైం ఈసారి తగ్గిందా. తమంతట తాము చేసే ఫోన్లు పెరుగుతుంటే కేంద్రం మీద నమ్మకం కుదురుతోందని అర్థం. మొదటి ఏడాది లోపాల సంఖ్య పెరుగుతుంది, దాన్ని చూసి పై అధికారులు కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి.

మూడు నెలలకొకసారి కలెక్టర్ సమీక్షకు ఆగిపోయిన పనులు మాత్రమే తీసుకెళ్లండి, ఒక్క పేజీలో, శాఖలవారీగా, ఫొటోలతో. ఆ శాఖల అధికారులకు రెండు రోజుల ముందే ఆ పేజీ పంపండి. సగం పనులు ఆ రెండు రోజుల్లోనే అయిపోతాయి.

మొత్తం జిల్లాతో మొదలుపెట్టవద్దు. ఒక మండలం, ముప్పై నలభై బడులు, ప్రభుత్వ, ప్రైవేటు కలిపి, మూడు నెలలు. ప్రైవేటు వాటిలో తక్కువ ఫీజు ఉన్న చిన్న బడులను తప్పకుండా చేర్చండి, అద్దె భవనాల కష్టం ఎక్కువ ఉన్నది అక్కడే, వాళ్లను పలకరించేవాళ్లు తక్కువ. మూడు నెలలయ్యాక పన్నెండు ప్రశ్నల్లో ఏవి పనికిరాలేదో తీసేసి రెండో మండలానికి వెళ్లండి. కో-ఆర్డినేటర్ బదిలీ అయితే అప్పగించాల్సినవి ఒకే ఫైలులో ఉండాలి: బడి కార్డులు, తేదీ దాటిన లోపాల జాబితా, శాఖల ఫోను నంబర్లు, ఆవరణల వాళ్లు ఇచ్చిన ఉత్తరాలు. పోక్సో రిజిస్టరు మాత్రం విడిగా, తాళంలో, చేతి నుంచి చేతికి సంతకంతో అప్పగించాలి.